సూపర్ అల్లాయ్‌లకు పట్టే హైడ్రోజన్ చెద

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

 

పోయినసారి మనం హైడ్రోజన్‌తో నడిచే కార్ల గురించి చెప్పుకున్నాం. ఆ తర్వాత చాలామంది ఫోన్లు చేశారు. వాటిలో రెండు ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. మొదటిది ఒక పెద్దాయన అడిగారు. "హైడ్రోజన్ అంటే బుడగల్లో నింపే తేలికపాటి వాయువు కదండీ, అది ఉక్కుని విరగ్గొట్టడమేమిటి?" అని. రెండోది ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అడిగింది. "అంకుల్, రాకెట్‌లో హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుందట కదా, అంత చలికి మెటల్ పగిలిపోదా?" అని.

ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి గానీ, నిజానికి ఒకేచోట కలుస్తాయి. జవాబు ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత ఎందుకో చూద్దాం. హైడ్రోజన్ లోహాలను పెళుసుగా చేస్తుంది, అది నిజమే. కానీ అది ఎక్కువగా చేసేది ఎముకలు కొరికే చలిలో కాదు, కొలిమి వేడిలోనూ కాదు. ఆ రెంటికీ మధ్యన, మనం స్వెట్టర్ వేసుకునో, మామూలు చొక్కా వేసుకునో తిరిగే ఉష్ణోగ్రతల్లో. అసలు చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే మనుషులు కట్టేవి ఎక్కువగా ఉండేది ఆ ఉష్ణోగ్రతల్లోనే.

నేను చదువుకున్నది లోహశాస్త్రం. చేసే పని, విరిగిపోయిన భాగాలు ఎందుకు విరిగాయో కనిపెట్టడం. ఒకరకంగా లోహాలకు పోస్టుమార్టం అనుకోండి. మా దగ్గరికి వచ్చే ముక్కల్లో కొన్నింటిని చూస్తే తయారీలో లోపం కనిపించదు, బరువు ఎక్కువైన గుర్తు కనిపించదు, తుప్పు కూడా కనిపించదు. అయినా విరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు మొట్టమొదట అనుమానించేది హైడ్రోజన్‌నే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇదీ ఆ కోవలోదే.

ముందు సూపర్ అల్లాయ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. రెండు మూడు లోహాలు కలిపి కరిగిస్తే వచ్చేది మిశ్రలోహం. ఇత్తడి, కంచు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే. సూపర్ అల్లాయ్ అన్నది కూడా మిశ్రలోహమే, కాకపోతే మామూలు ఉక్కు మెత్తబడిపోయే వేడిలో కూడా బలం తగ్గకుండా నిలబడేది. వీటిలో ఎక్కువ వాటికి పునాది నికెల్. అన్నింటికన్నా ఎక్కువగా వాడేది ఇంకోనెల్ 718. అందులో సగం పైచిలుకు నికెల్, 19 శాతం దాకా క్రోమియం, అంతకు కొంచెం తక్కువగా ఇనుము, 5 శాతం దాకా నయోబియం ఉంటాయి. మనం హైదరాబాదు వెళ్ళడానికి ఎక్కే విమానాల ఇంజన్లలో తిరిగే చక్రాలు చాలావాటిని ఈ రకం లోహంతోనే చేస్తారు. హైదరాబాదులో కంచన్‌బాగ్ దగ్గర మిశ్ర ధాతు నిగమ్ అని 1973లో స్థాపించిన ప్రభుత్వ సంస్థ ఉంది, మిధాని అంటారు. అక్కడ ఇదే లోహాన్ని సూపర్నీ 718 అనే పేరుతో తయారుచేస్తారు. ఇస్రో రాకెట్లకు కూడా అక్కడి మిశ్రలోహాలు వెళతాయి.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వద్దాం. చలికి లోహం పగలదా?

కొన్ని లోహాలు పగులుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్లాస్టిక్ డబ్బా చేయి జారితే ముక్కలవడం మీరు చూసే ఉంటారు. మామూలు ఉక్కు కూడా అలాంటిదే. 1943 జనవరిలో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ రేవులో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ నౌక కట్టేసి ఉన్నచోటనే పెద్ద చప్పుడుతో నడిమికి విరిగిపోయింది. తుఫాను లేదు, ఢీకొన్నదీ లేదు. చలిరాత్రి, వెల్డింగులో లోపం, చలికి పెళుసెక్కే ఉక్కు, ఈ మూడూ కలిశాయి.

ఎందుకలా? లోహాన్ని వంచినప్పుడు లోపల పరమాణువుల వరసలు ఒకదానిమీద ఒకటి జారతాయి. అలా జారగలిగినంతసేపూ లోహం వంగుతుంది, సాగుతుంది, విరగదు. ఇనుములో పరమాణువులు పేర్చుకున్న తీరు వల్ల చలి పెరిగేకొద్దీ ఆ జారుడు కష్టమవుతుంది. జారలేక, సాగలేక, ఫెళ్ళున పగులుతుంది. నికెల్‌లో పేర్పు వేరు. చిక్కగా, అన్ని వైపులకూ జారడానికి వీలుగా ఉంటుంది. ఎంత చల్లబరిచినా ఆ జారుడు ఆగదు. అందుకే ఇంకోనెల్ 718ని ద్రవ హైడ్రోజన్‌లో ముంచినా పెళుసెక్కదు, పైగా బలం కొంత పెరుగుతుంది కూడా.

కాబట్టి అమ్మాయికి మొదటి సగం జవాబు ఇది. చలి వల్ల వచ్చే పెళుసు వేరు, హైడ్రోజన్ వల్ల వచ్చే పెళుసు వేరు. రెండూ పెళుసే, విరగడమూ ఒకలాగే ఉండొచ్చు, కానీ రోగాలు వేరు, మందులూ వేరు. నికెల్ మొదటి రోగాన్ని తట్టుకుంటుంది. రెండోదానికి మాత్రం లొంగుతుంది.

ఇక పెద్దాయన ప్రశ్న. అంత తేలిక వాయువు అంత గట్టి లోహాన్ని ఏం చేయగలదు?

హైడ్రోజన్ వాయువులో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి. జంటగా ఉన్నంతసేపూ అది లోహంలోకి దూరలేదు. కానీ నికెల్, ఇనుము లాంటి లోహాల ఉపరితలం తాజాగా, శుభ్రంగా ఉంటే, ఆ జంటను విడదీస్తుంది. విడిపోయిన ఒక్కొక్క పరమాణువూ చాలా చిన్నది. పెళ్ళిపందిట్లో జనం కిక్కిరిసి ఉన్నా చిన్నపిల్లలు కాళ్ళ సందుల్లోంచి దూరి అటునుంచి ఇటు వచ్చేస్తారు చూడండి, అలా లోహపు పరమాణువుల మధ్యనుంచి దూరిపోతుంది. వాయువే అక్కర్లేదు. లోహాన్ని ఆమ్లంలో ముంచినా, విద్యుత్తుతో పూత వేసినా, తడిలో తుప్పు పట్టినా అక్కడికక్కడే హైడ్రోజన్ పుట్టి కొంత లోపలికి చేరుతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1875లో మాంచెస్టర్‌కి చెందిన విలియం జాన్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. ఇనుప తీగను ఆమ్లంలో కొన్ని నిమిషాలు ముంచి తీస్తే, అంతకుముందు రెండు మూడుసార్లు మడిచినా విరగనిది ఇప్పుడు పుటుక్కున విరిగిపోతోంది. విరిగినచోట తడి చేస్తే నురగలు వస్తున్నాయి. లోపల దాక్కున్న హైడ్రోజన్ బయటికి వస్తోందన్నమాట. తీగను కొన్నాళ్ళు ఊరికే పడేసి ఉంచితే మళ్ళీ మామూలుగా వంగుతోంది. అంటే హైడ్రోజన్ వచ్చినప్పుడు పెళుసు వచ్చింది, పోయాక పోయింది.

మరి లోపలికి వెళ్ళాక అది ఏం చేస్తుంది? లోహమంటే మనకు ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ, సూక్ష్మదర్శినిలో చూస్తే అది చిన్న చిన్న రేణువుల కూర్పు. రాళ్ళు పేర్చి కట్టిన గోడ అనుకోండి. రాయికీ రాయికీ మధ్య అతుకు ఉన్నట్టే రేణువుకీ రేణువుకీ మధ్య సరిహద్దు ఉంటుంది. హైడ్రోజన్ ఎక్కువగా చేరేది ఆ సరిహద్దుల దగ్గర, పగుళ్ళ మొనల దగ్గర. అక్కడ ఏం జరుగుతుందన్నదాని మీద ఇప్పటికీ శాస్త్రవేత్తల మధ్య వాదన తెగలేదు. అతుకు బలాన్నే తగ్గిస్తుందని కొందరంటారు. పరమాణువుల వరసలు ఒకేచోట విపరీతంగా జారిపోయేలా చేసి అక్కడే చిరుగు పుట్టిస్తుందని మరికొందరంటారు. రెండూ కొంత కొంత జరుగుతాయని చాలామంది ఒప్పుకుంటారు.

విరిగిన ముక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న లోహం సాగి సాగి తెగితే, తెగినచోట పొంగనాల పెనంలా గుంటలు గుంటలుగా ఉంటుంది. హైడ్రోజన్ పట్టిన లోహం రేణువుల సరిహద్దు వెంబడి విడిపోతే, విరిగినచోట పటికబెల్లం పలుకుల్లా కోణాలు తేలి మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూడగానే మాకు సగం విషయం అర్థమైపోతుంది. పైనుంచి చూస్తే దూలం నిక్షేపంగా ఉంటుంది, లోపల చెద తినేసి ఉంటుంది. మన ఊళ్ళలో పాత ఇళ్ళు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఉష్ణోగ్రత సంగతి. కాస్త నిదానంగా వినండి.

హైడ్రోజన్ హాని చేయాలంటే లోహంలో నడవాలి. పగులు మొన దగ్గరికి, సరిహద్దు దగ్గరికి చేరాలి. నడక వేగం వేడిమీద ఆధారపడుతుంది. మామూలు గది వేడిలో నికెల్ లోపల హైడ్రోజన్ రోజంతా నడిస్తే మన తలవెంట్రుక మందమంత దూరం వెళుతుంది, అంతే. మైనస్ 73 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ వేగాన్ని నిర్ణయించే అంకె ఇంచుమించు 2000 రెట్లు పడిపోతుంది. మైనస్ 253 దగ్గర అయితే అసలు నడకే లేదు, ఎక్కడిది అక్కడ గడ్డకట్టుకుపోయినట్టే. పైగా అంత చలిలో ఉపరితలం మీద జంటలు విడిపోవడం కూడా మందగిస్తుంది. కాబట్టి ద్రవ హైడ్రోజన్‌లో మునిగి ఉన్న నికెల్ మిశ్రలోహానికి ఆ హైడ్రోజన్ వల్ల వచ్చే ప్రమాదం చాలా తక్కువ.

మరి వేడి పెంచితే? నడక జోరందుకుంటుంది. కానీ జోరు మరీ ఎక్కువైతే హైడ్రోజన్ ఒకచోట నిలవదు. సరిహద్దుల దగ్గర పోగవ్వాల్సింది పోగవకుండా చెదిరిపోతుంది. అందువల్ల బాగా వేడిలో కూడా పెళుసు తగ్గుతుంది. మధ్యలో మాత్రం రెండూ కుదురుతాయి, నడవడానికి తగినంత వేడి, నిలవడానికి తగినంత చలి. ఇంకోనెల్ 718కి ఆ చెడ్డ ప్రాంతం గది వేడికి అటూ ఇటూగా ఉంది. 1960ల్లో నాసా కోసం రాకెట్‌డైన్ కంపెనీలో చేసిన పరీక్షల్లో, చిన్న గంటు పెట్టిన 718 కడ్డీని సుమారు 700 వాతావరణాల పీడనంలో ఉన్న హైడ్రోజన్‌లో గది వేడి దగ్గర లాగితే, హీలియంలో ఉన్న బలం దాదాపు సగానికి పడిపోయింది. లోహం అదే, కడ్డీ అదే, చుట్టూ ఉన్న వాయువు ఒక్కటే మారింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎంత నెమ్మదిగా లాగితే అంత ప్రమాదం. గబుక్కున లాగితే హైడ్రోజన్ పగులు మొనను అందుకోలేదు, ముక్క తట్టుకుంటుంది. నిదానంగా లాగితే అది వెంట వచ్చేస్తుంది. అందుకే తొందరగా చేసే మామూలు పరీక్ష కొన్నిసార్లు మోసం చేస్తుంది. పరీక్షలో పాసైన ముక్కే పనిలో కొన్నాళ్ళయ్యాక విరుగుతుంది.

అలాగని చలి ఉంటే చాలు, అంతా క్షేమమే అనుకోకూడదు. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు నికెల్‌కి ముందుగానే హైడ్రోజన్ పట్టించి, రేణువుల సరిహద్దుల్లో చేరనిచ్చి, ఆ తర్వాత ద్రవ నైట్రోజన్ చలికి, అంటే మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిచి లాగారు. ఆ చలిలో హైడ్రోజన్ కదలలేదు. అయినా సరిహద్దుల వెంబడి పగుళ్ళు వచ్చాయి, గది వేడిలో వచ్చినన్ని కాకపోయినా వచ్చాయి. అంటే దొంగ ముందే ఇంట్లోకి దూరి ఉంటే, తర్వాత తలుపు వేసి లాభం లేదన్నమాట. చలి కొత్త హైడ్రోజన్‌ని ఆపుతుంది గానీ, పాత హైడ్రోజన్ చేసిన నష్టాన్ని మాన్పదు.

ఇదంతా ఒకే యంత్రంలో కనిపించే చోటు స్పేస్ షటిల్ ప్రధాన ఇంజన్. 1981 నుంచి 2011 దాకా షటిల్‌ని మోసినవి అవే. 2022 నవంబరులో ఆర్టెమిస్ రాకెట్‌ని మొదటిసారి లేపినవి కూడా ఆ ఇంజన్లే. ఆ ఇంజన్‌లో హైడ్రోజన్‌ని తోడే పంపు ఒకటి ఉంటుంది. నాలుగడుగుల పొడవైనా ఉండదు. నిమిషానికి సుమారు 35,000 చుట్లు తిరుగుతూ దాదాపు 70,000 అశ్వశక్తి పుట్టిస్తుంది. దాని ఒక చివర మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్. రెండో చివర, దాన్ని తిప్పే టర్బైన్ దగ్గర, 700 డిగ్రీలకు పైబడిన వాయువు. ఆ వాయువులో కూడా ఎక్కువ భాగం హైడ్రోజనే. కాశీలో ఒక కాలు, రామేశ్వరంలో ఒక కాలు పెట్టినట్టు.

చల్లటి చివర క్షేమం. వేడి చివరకు వేరే కష్టాలున్నాయి గానీ, హైడ్రోజన్ పెళుసు అక్కడ ఉధృతంగా ఉండదు. మధ్యలో ఉన్న గొట్టాలు, అతుకులు, చల్లబరిచే దారులు, అక్కడే ఉంది అసలు భయం. దానికి తోడు ఇంజన్ రాజేసేటప్పుడూ, ఆపేటప్పుడూ ప్రతి భాగమూ ఆ చెడ్డ ఉష్ణోగ్రత మీదుగా ఒకసారి వెళ్ళక తప్పదు. అందుకని ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? హైడ్రోజన్ తగిలే కొన్ని 718 భాగాలకు రాగి పూత, కొన్నింటికి బంగారు పూత వేశారు. బంగారం హైడ్రోజన్ జంటను విడదీయదు, తనలోంచి దారి ఇవ్వదు. వెల్డింగు అతుకుల మీద హైడ్రోజన్‌ని బాగా తట్టుకునే వేరే మిశ్రలోహాన్ని పొరగా వేశారు. మనవాళ్ళకి బంగారం మీద మోజు ఎక్కువని అందరూ వేళాకోళం చేస్తారు గానీ, రాకెట్ ఇంజన్ కూడా ఆ మోజులో మనకు తోడే.

రాకెట్ మన దైనందిన జీవితానికి దూరం అనుకునేవాళ్ళకి దగ్గరి ఉదాహరణ చెబుతాను. హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్ళు ఎంతోమంది చమురు రంగంలో పనిచేస్తున్నారు. మెక్సికో సింధుశాఖలో కిలోమీటరుకు పైగా లోతున సముద్రపు అడుగు నీళ్ళు ఏడాది పొడవునా 4 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అక్కడి బావుల పైన బిగించే పరికరాల్లో కూడా 718ని వాడతారు. ఉప్పునీళ్ళలో ఉక్కు తుప్పు పట్టకుండా అల్యూమినియం దిమ్మలు తగిలిస్తారు. ఆ దిమ్మలు తాము కరుగుతూ ఉక్కుని కాపాడతాయి. కానీ కాపాడే ఆ చర్యలోనే నీటినుంచి హైడ్రోజన్ పుడుతుంది. ఉక్కుకి అతుక్కుని ఉన్న నికెల్ మిశ్రలోహంలోకి అది ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా దిగుతుంది. చాప కింద నీరు అన్నది ఇలాంటిదానికే పుట్టిన మాట.

అలా కొన్ని 718 భాగాలు విరిగాక పరిశీలిస్తే ఒక సంగతి బయటపడింది. ఈ లోహాన్ని కొలిమిలో కాల్చి చల్లార్చే తీరును బట్టి రేణువుల సరిహద్దుల్లో నయోబియం, నికెల్ కలిసి సన్నని పలకల్లా పేరుకుంటాయి. దాన్ని డెల్టా దశ అంటారు. విమాన ఇంజన్‌లో అది కొంత ఉంటే మంచిదే, రేణువులు పెద్దవి కాకుండా పట్టి ఉంచుతుంది. సముద్రం అడుగున అదే శత్రువు, హైడ్రోజన్‌కి పగులు దారి చూపిస్తుంది. ఒకే పిండితో ఇడ్లీ వేయొచ్చు, అట్టు పోయొచ్చు. పిండి ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వడ్డిస్తే కుదరదు. అందుకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2004లో బావుల సామానుకు వాడే 718కి ప్రత్యేకంగా ఒక ప్రమాణం తెచ్చింది. ఇంత వేడిలో కాల్చాలి, సరిహద్దుల్లో ఆ పలకలు వరసకట్టి ఉండకూడదు, అని కచ్చితంగా నియమాలు పెట్టింది. పేరు ఒకటైనంత మాత్రాన లోహం ఒకటి కాదని ఆ ప్రమాణం సారాంశం.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్ మధ్య కడుతున్న కొత్త బే బ్రిడ్జిలో మూడంగుళాల లావున్న ఉక్కు కడ్డీలు 96 బిగిస్తే, రెండు వారాలు తిరిగేలోపల 32 విరిగిపోయాయి. అవి 2008లో తయారైనవి. బిగించకముందు ఏళ్ళపాటు కాంక్రీటు గుంటల్లో వాననీళ్ళు నిలిచి ఉన్నచోట పడి ఉన్నాయి. ఇవి సూపర్ అల్లాయ్‌లు కావు, మామూలుకన్నా గట్టి ఉక్కు. కానీ జబ్బు అదే. బిగించిన రోజు ఒక్కటీ విరగలేదు, అన్నీ బాగానే ఉన్నాయనిపించాయి. లాగి పట్టి ఉంచాక రోజుల మీద విరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరులో వంతెన తెరిచారు, ఆ కడ్డీల పని చేయడానికి ఉక్కు జీను లాంటి కట్టడాన్ని అదనంగా బిగించారు. ఇవాళ మనవాళ్ళు వేలమంది రోజూ దానిమీదే పనికి వెళ్ళొస్తున్నారు. విరగడం వంతెన తెరవకముందే జరగడం అందరి అదృష్టం.

ఇక పోయినసారి చెప్పుకున్న హైడ్రోజన్ కార్లకు వద్దాం. టయోటా మిరాయ్ లాంటి కారులో హైడ్రోజన్‌ని 700 వాతావరణాల పీడనంలో నింపుతారు. గబగబా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది కాబట్టి బంకు దగ్గరే వాయువును మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. ఇక్కడ చూడండి. మన వంటింటి గిన్నెల్లో వాడే రకం స్టెయిన్‌లెస్ ఉక్కు, 304 అంటారు, దానికి హైడ్రోజన్ పెళుసు అన్నింటికన్నా ఎక్కువగా వచ్చేది మైనస్ 50 ప్రాంతాల్లోనే. కావాలని వెతికి పెట్టినట్టు సరిగ్గా అక్కడే! అందుకని ఆ గొట్టాలకూ, వాల్వులకూ నికెల్ పాలు ఎక్కువగా ఉన్న 316 రకం వాడతారు. నికెల్ ఎక్కువైతే ఉక్కులో పరమాణువుల పేర్పు చలిలో మారిపోకుండా నిలబడుతుంది. కారులోని ట్యాంకు సంగతి వేరు. దాని లోపలి పొర ప్లాస్టిక్, పైన కార్బన్ నార చుట్టి ఉంటుంది. లోహమే లేకపోతే ఈ బెడదే లేదని ఆ ఏర్పాటు.

చికిత్స లేదా అంటే, ఉంది. ఉక్కు బోల్టులకు విద్యుత్తుతో పూత వేశాక కొన్ని గంటల్లోపలే 200 డిగ్రీల ప్రాంతంలో పొయ్యిలో పెట్టి కాలుస్తారు. రొట్టె కాల్చినట్టే, బేకింగ్ అనే అంటారు. హైడ్రోజన్ ఆ వేడికి బయటికి పోతుంది. ఆలస్యం చేస్తే అప్పటికే సన్న పగుళ్ళు పుట్టి ఉంటాయి, తర్వాత ఎంత కాల్చినా అవి అతుక్కోవు. అలా పూత వేసిన సరుకుతో పాటు గంటు పెట్టిన నమూనా ముక్కల్ని బరువుకింద 200 గంటలు వేలాడదీసి చూసే పరీక్ష కూడా ఉంది. ఎనిమిది రోజులకు పైగా ఓపిక పట్టాలి. లావుపాటి నికెల్ భాగాలకు ఈ కాల్చే చిట్కా అంతగా పారదు. లోపలికి దిగడానికి ఏళ్ళు పట్టిన హైడ్రోజన్ బయటికి రావడానికి కూడా అంతే తీరిగ్గా వస్తుంది. కాబట్టి వాటికి ముందుజాగ్రత్తే మందు. మరీ గట్టిగా చేయకపోవడం, కాల్చే తీరు సరిగా ఉండటం, పదునైన మూలలూ గంట్లూ లేకుండా చూడటం, అవసరమైతే పూత వేయడం. గట్టితనం పెరిగేకొద్దీ ఈ జబ్బుకు లొంగడం కూడా పెరుగుతుందన్నది ఈ రంగంలో చాలామంది కష్టపడి నేర్చుకున్న పాఠం. కొనేవాళ్ళు ఇంకా గట్టిది కావాలంటారు, అమ్మేవాళ్ళు ఇస్తామంటారు. మధ్యలో ఎవరో ఒకరు, "ఇది హైడ్రోజన్ తగిలే చోటు, కాస్త మెత్తదే మేలు" అని చెప్పాలి. నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు చెప్పే మాట అదే. అది వినడానికి ఎవరికీ ఇష్టముండదు.

ఇదంతా మనకెందుకని ఎవరైనా అడగొచ్చు. ఇటు అమెరికాలో, అటు ఇండియాలో కూడా హైడ్రోజన్ ఇంధనం మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2023 జనవరిలో భారత ప్రభుత్వం హరిత హైడ్రోజన్ పథకాన్ని ఆమోదించింది, 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. 2025 జనవరిలో మన అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. శ్రీహరికోటనుంచి ఇండియా సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో 2014 జనవరిలో జీఎస్ఎల్వీ మొదటిసారి విజయవంతంగా లేచింది. అందులో ఉన్నదీ ద్రవ హైడ్రోజనే. అంటే మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్‌తో వేగడం మన తీరానికి కొత్తేమీ కాదు. ఇకముందు వచ్చేది పైపులు, వాల్వులు, బోల్టులు, కంప్రెసర్లు, అన్నీ 30 డిగ్రీల కోస్తా ఎండలో, ఉప్పుగాలిలో. ద్రవ హైడ్రోజన్ అంటే అందరూ భయపడి జాగ్రత్త పడతారు. మామూలు వేడిలో ఉన్న గొట్టం ఎవరినీ భయపెట్టదు. కానీ ఇంతసేపూ మనం చెప్పుకున్నదాన్ని బట్టి, ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది ఆ గొట్టం మీదే.

మన పిల్లలు చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నారు. కొందరు ఈ పరిశ్రమల్లోకే వెళతారు. వాళ్ళు ఒక బోల్టునో వాల్వునో ఎంచుకునే రోజు వస్తే ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇక్కడ హైడ్రోజన్ ఎక్కడినుంచి రావచ్చు? ఏ ఉష్ణోగ్రతలో ఎంతకాలం ఉంటుంది? ఈ లోహాన్ని ఎలా కాల్చారు? పరీక్ష ఎంత నెమ్మదిగా చేశారు? నాలుగోది ఎవరూ అడగరు. అదే మర్చిపోకూడనిది.

ఎనిమిదో తరగతి అమ్మాయికి ప్రత్యేకంగా నా అభినందనలు. నీ ప్రశ్న వల్లే ఇంత చెప్పుకోగలిగాం. పెద్దాయనకు నా నమస్కారాలు. వచ్చేసారి కొంతమంది శ్రోతలు అడిగిన లిథియం బ్యాటరీల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.